ఓబులేసు కన్ను

2021 వేసవిలో, కోవిడ్ రెండో విడత నడుస్తుండగా, అనంతపురంలో నేను పనిచేసే ప్రభుత్వ ఆసుపత్రిలో బ్లాక్ ఫంగస్ వార్డుకు నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నేను చెవి, ముక్కు, గొంతు విభాగంలో సివిల్ సర్జన్‌ని.

ముదిగుబ్బ వైపు ఒక పల్లె నుంచి ఓబులేసు అనే గొర్రెల కాపరిని భార్య లక్ష్మక్క తీసుకొచ్చింది. కుడి చెంప వాచింది, కుడి కంట చూపు లేదు. ముక్కులో ఎండోస్కోపు పెట్టి చూస్తే కండ నల్లగా చచ్చిపోయి ఉంది. చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపితే ఫంగస్ అని తేలింది. షుగరు విపరీతంగా ఉంది. ఆ జబ్బు ఉన్నట్టు అతనికే తెలియదు.

ఏం మందులు వాడారని అడిగాను.

"జరమొస్తే మా ఊరి డాక్టరు సూదేసినాడు సార్. మర్సటి దినమే లేసి గొర్లు తోలుకోని పోయినాడు. మంచి మందని మాత్రలు మళ్లీ మళ్లీ తెచ్చుకోని మింగినాడు," అంది లక్ష్మక్క.

ఆ డాక్టరుకు డిగ్రీ లేదు. ఇచ్చింది స్టెరాయిడ్. ఆక్సిజన్ పడిపోయిన కోవిడ్ రోగులకు మేమూ అదే ఇచ్చేవాళ్లం, కానీ షుగరు చూసుకుంటూ, కొద్ది రోజులే. అది రోగనిరోధక శక్తిని అణచి, షుగరును పెంచుతుంది. మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండే ఫంగస్ అలాంటి ఒంట్లో పాతుకుపోతుంది. ఓబులేసుకు ఆయాసమే రాలేదు. ఆ మందు అతనికి అవసరమే లేదు.

కన్ను తీయకపోతే ఫంగస్ మెదడుకు పాకుతుందని చెప్పాను.

"ఒంటి కన్నుతో గొర్లు కాయొచ్చునా సార్?" అని అడిగాడు ఓబులేసు.

కాయొచ్చన్నాను. కన్నుతో పాటు పైదవడలో సగం తీయాల్సి వచ్చింది. బతికాడు.

ఆ ఊరి డాక్టరు మీద పై అధికారులకు ఫిర్యాదు చేశాను. విచారణకు వెళ్లినవాళ్లతో ఓబులేసే ఆయన మంచివాడని చెప్పాడు. ఫిర్యాదు మూసేశారు.

కొన్ని నెలలకు రివ్యూకు వచ్చినప్పుడు అతని ముఖం స్టెరాయిడ్ ఎక్కువగా వాడినవాళ్లకు ఉబ్బినట్టు గుండ్రంగా ఉబ్బి ఉంది. మోకాళ్ల నొప్పికి మళ్లీ ఆ మాత్రలే వాడుతున్నాడు. వద్దని చెప్పాను కదా అన్నాను.

"చెప్పినారు సార్. ఆయప్ప మందుకు నేను లేసి నడిస్తి. మీ కాడికొస్తే కన్ను పాయె," అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. మోతాదు తగ్గిస్తూ రాసిచ్చాను. తర్వాత అతను మళ్లీ రాలేదు.

స్టెరాయిడ్ చేసే మేలు వెంటనే కనిపిస్తుంది. కీడు ఆలస్యంగా, ఇంకో డాక్టరు చేతిలో బయటపడుతుంది. రోగి ఆ ఇంకో డాక్టరునే గుర్తుపెట్టుకుంటాడు.