అన్నయ్య పెట్టిన జామీను సంతకం

మొన్న సాయంత్రం టీవీలో నలుగురు పెద్దమనుషులు ఇంటి లోన్ల వడ్డీ తగ్గడం సర్కారు గొప్పా కాదా అని అరుచుకుంటుంటే, చూస్తూ కూర్చున్న మా అబ్బాయి, అల్లుడు చెరో పక్షం పట్టారు. మాట పెరిగి, చివరికి అల్లుడు అన్నం తినకుండానే లేచి వెళ్లిపోయాడు. నాకు బాధతో పాటు కాస్త నవ్వూ వచ్చింది, ఎందుకంటే ఈ తగాదా మా ఇంట్లో మా అబ్బాయి పలక పట్టకముందు నుంచీ ఉంది.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉన్న రోజులవి. మా ఆయన, మా అన్నయ్య ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవారు గానీ, ఇద్దరి జెండాలు వేరు. డ్యూటీ దిగి, స్నానాలు చేసి, మా వాకిట్లో చాయ్ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారంటే దేశం బడ్జెట్టంతా వాళ్లే రాస్తున్నట్టు మాట్లాడేవారు. వడ్డీ వచ్చే ఏడు దిగుతుంది, అప్పుడే లోను తీసుకుందామని మా ఆయన. మీ సర్కారు ఉన్నంతకాలం దిగదని అన్నయ్య. ఇద్దరి పుణ్యమా అని మాకు ఇల్లు మాత్రం లేకుండా పోయింది. క్వార్టర్లలో కాపురం చేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, ఎంత సున్నం వేసుకుని, ఎంత మురిపెంగా జామచెట్టు పెంచుకున్నా, రిటైరైన నాడు తాళం అప్పగించి బయటికి నడవాల్సిందే. ఆ భయం నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

చివరికి ఒకరోజు బడికి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బ్యాంకుకు వెళ్లాను. నా టీచరు జీతం మీద లోను ఇస్తామన్నారు, కానీ భర్త కాక ఇంకో ఉద్యోగి ఎవరైనా జామీను ఉండాలన్నారు. ఆ కాగితాలు తెచ్చి వాకిట్లో ఇద్దరి ముందూ పెట్టాను. మా ఆయన మొహం మాడిపోయింది, వడ్డీ దిగేదాకా ఆగలేకపోయావా అన్నారు. మీ సర్కార్లు వచ్చిపోయేలోపు నా పిల్లలు ఎక్కడ ఉండాలని నేనూ గట్టిగానే అడిగాను. అన్నయ్య గ్లాసు కింద పెట్టి నన్ను పెన్ను అడిగాడు.

“సర్కార్ సంగతి రేపు మాట్లాడుకుందం బావా, ముందుగాల చెల్లెను ఇల్లు కట్టుకోనియ్యి” అంటూ సంతకం చేశాడు.

మర్నాడు ఇద్దరూ మామూలుగానే పోట్లాడుకున్నారు. ఆ తర్వాత వడ్డీ ఎన్నిసార్లు దిగిందో, ఎన్నిసార్లు ఎక్కిందో నాకు గుర్తులేదు గానీ, ఆ లోనుతో కట్టిన ఇంట్లోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు మా అబ్బాయీ ఇంటి లోను తీసుకున్నాడు. అంతా ఫోనులోనే అయిపోయింది, జామీను ఎవరూ అడగలేదట. సంతోషమే, ఒకరి గడప ఎక్కే పని లేదు. కానీ ఎదుటి జెండావాడి దగ్గరికి వెళ్లి నిలబడాల్సిన అవసరమే ఈ పిల్లలకు లేకుండా పోయిందే అని మనసులో చిన్న దిగులు.

నిన్న పొద్దున అల్లుడు తనంతట తానే మా వాడికి ఫోన్ చేసి, కొత్త ఇంటి పునాదికి ముగ్గు ఎప్పుడు పోస్తున్నారని అడిగాడట. గంటసేపు మాట్లాడుకున్నారట, అందులో సగం పోట్లాటేనట. అన్నయ్య ఉండుంటే ఎంత మురిసిపోయేవాడో.