చింతల వారి కట్ట

ఇంటిపేరు విని మీ తాత ఏ ఊళ్లో బతికాడో ఎవరైనా చెప్పగలరా? చెప్పగలమని నమ్మిన కచేరీలోనే నా ఉద్యోగం మొదలైంది.

అరవైతొమ్మిది వేసవిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతుండగా, జగిత్యాల వైపు ఒక తహసీలు కచేరీలో జూనియర్ గుమాస్తాగా చేరాను. నాకు అప్పగించింది ముల్కీ సర్టిఫికెట్ల పని. అభ్యర్థి పదిహేనేళ్లుగా ఈ ప్రాంతంలో నివసిస్తున్నట్టు పట్వారీ నివేదిక ఇస్తే తహసీల్దారు సంతకం చేస్తాడు. ఆ కాగితం లేనిదే స్థానికులకు కేటాయించిన కొలువు దక్కదు.

కథలాపూర్ దగ్గరి పల్లె నుంచి చింతల సుశీల దరఖాస్తు వచ్చింది. కూలి కుటుంబం. కోరుట్లలో చదువుకుని, సిరిసిల్ల దగ్గర ఒక బడిలో పంతులమ్మగా ఎంపికైంది. సర్టిఫికెట్ చూపడానికి నాలుగు రోజుల గడువుంది. పెద్ద గుమాస్తా విచారణ లేకుండానే దాన్ని అనుమానపు కట్టలో చేర్చాడు.

"బెజవాడల లారీ కంపెనీ ఎవలది? చింతలోళ్లది. గుంటూరుల పొగాకు గోదాములెవలయి? చింతలోళ్లయి. హైకోర్టుల గా పెద్ద వకీలు? గాయన గూడ ఆంధ్ర నుంచొచ్చిన చింతలాయనే. ఇంక గీమె ముల్కీ ఎట్లయితది?"

నియమం నివాసాన్ని అడుగుతుంది గాని ఇంటిపేరును కాదన్నాను. ఒకే ఇంటిపేరు ఎన్నో జిల్లాల్లో, ఎన్నో కులాల్లో ఉంటుందన్నాను.

"కాలేజీల డిబేటు గాదు పిలగా, కచేరి ఇది" అన్నాడు. పక్క బల్లలవాళ్లు నవ్వారు.

మూడో రోజు తహసీల్దారు అనుమతితో ఆ పల్లెకు వెళ్లాను. పట్వారీ పహాణీ తిరగేసి చింతల పేరు ఎక్కడా లేదన్నాడు. పహాణీ అంటే ఎవరి భూమి ఎంతో రాసే ఊరి లెక్క. భూమే లేనివారి పేరు అందులో ఎలా ఉంటుందని అడిగితే పహాణీ మూసి పక్కన పెట్టాడు. అంతవరకు అతని గడప బయట నిలబడి ఉన్న సుశీల నాయనమ్మ ఎల్లవ్వ గొంతు పెంచింది.

"మా పేరు కాయితంల లేదా పట్వారి దొరా? నిజాం కాలంల వెట్టికి వంతులేసినప్పుడు మా ఆయన పేరెట్ల దొరికింది? గా చిట్టా తీయి. నీ అయ్యకు మూటలు మోసినోడు ఈ ఊరోడు గాదా?"

పట్వారీ చాలాసేపు తాళంచెవి వెతికాడు. కూలి ఇవ్వకుండా చేయించుకున్న ఆ చాకిరీకి ఏ ఇంటివాడు ఏ రోజు రావాలో రాసిన చిట్టా పెట్టె అడుగున దొరికింది. ఎల్లవ్వ భర్త చింతల మల్లయ్య పేరు లేని పుట లేదు.

ఆ చిట్టా ఆధారంగా పట్వారీ నివేదిక రాసిచ్చాడు. మర్నాడు తహసీల్దారు సంతకం చేశాడు. సుశీల కొలువులో చేరింది. అదే కట్టలోని మరో పదకొండు దరఖాస్తుల కోసం పల్లెలకు వెళ్లడానికి నాకు అనుమతి రాలేదు. గడువులు దాటాయి. పెద్ద గుమాస్తా వాటిపై 'రుజువు లేదు' అని రాసి మూసేశాడు.

ఆ మాట నన్ను ఉద్యోగమంతా వెంటాడింది. 'రుజువు లేదు' అని రాసిన చోట చాలాసార్లు జరిగింది వెతకకపోవడమే. విచారణ చేసే కుర్చీలో ఉన్నవారిని అడుగుతున్నాను: మీరు అలా రాసి పక్కన పెట్టిన దరఖాస్తుల్లో ఒకటి రేపు బయటికి తీయండి. ఆ ఇంటికి స్వయంగా వెళ్లండి. అక్కడ అందరికన్నా పెద్దవారు చెప్పేది విన్న తర్వాతే సంతకం చేయండి.