రేపు మాతో రావాల్సిన జైనబక్క

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. జైనబక్క కోడలు.

"చిన్నమ్మా, మా అత్తమ్మ పోయింది" అన్నది.

"ఎటు పోయింది? ఎల్లుండి మాతోని దవాఖానకు రావాలె గద" అన్నాను.

అవతల ఆ పిల్ల ఏడ్చింది. అప్పుడు అర్థమైంది.

ఫోన్ పెట్టేశాక నాకు మొదట వచ్చిన ఆలోచన, మరి మా వెంట ఎవరొస్తారు అని.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ అదే వచ్చింది. ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు.

నాకు రాయడం అంతగా రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ సుజాత ఫోన్‌లో టైప్ చేస్తోంది, కుడిచేత్తో. చిన్నప్పుడు జ్వరమొచ్చి దాని ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. తర్వాత కొంచెం కోలుకుంది. అంతే.

గద్వాలలో జైనబక్కది గాజుల దుకాణం. ఆమె తమ్ముడికి చూపు లేదు. అతని పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అన్నీ నేర్చుకుంది. ఆ తర్వాత కాగితాలు పట్టుకుని ఎవరు దుకాణం ముందు నిలబడినా కూర్చోబెట్టేది. స్లాట్ ఎక్కడ బుక్ చేయాలి, ఎన్ని జిరాక్సులు తీయాలి, ఏ గది ముందు కూర్చోవాలి, అన్నీ చెప్పేది. భయపడేవాళ్ళ వెంట తనే వచ్చేది.

నాకంటే భయస్తురాలు ఎవరుంటారు? నా వెంట వచ్చింది.

పోయినసారి సదరం క్యాంపుకు వెళ్ళాం. డాక్టర్లు చూసి, వైకల్యం ఎంత శాతమో రాసి సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటేనే పింఛను. నాకు డెబ్బై దాటాయి. నేను పోయాక సుజాతకంటూ నెలనెలా ఏదో ఒకటి చేతికి రావాలి. నా బాధంతా అదే.

ఆ రోజు పొద్దున్నే దానికి తలదువ్వి, పూలు పెట్టి, మంచి చీర కట్టాను. సన్నబడిన చేయి కనిపించకుండా పొడుగు చేతుల జాకెట్టు తొడిగాను. దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళినా నేను చేసే పని అదే.

జైనబక్క బయట కూర్చుంది. లోపల డాక్టరు అడిగాడు, ఇంట్లో పనులు చేసుకుంటుందా అని.

"అన్ని చేస్తది సార్. రొట్టెలు చేస్తది, బట్టలుతుకుతది. మా పిల్లకు ఏం లోటు లేదు" అన్నాను.

ఊళ్ళో ఎవరు "పాపం" అన్నా ముప్పై ఏళ్ళుగా నేను చెప్పే మాట అది. అక్కడా అదే వచ్చేసింది నోట్లోంచి.

శాతం తక్కువ పడింది. సర్టిఫికెట్ పింఛనుకు పనికిరాలేదు.

సంగతి విని జైనబక్క తల పట్టుకుంది. "ఓ పిచ్చిదాన! ఆ సార్లు సంబంధం చూడనీకి వచ్చిండ్రనుకున్నవా ఏంది?"

అని తనే నవ్వింది. సుజాత కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మళ్ళీ అర్జీ పెట్టించింది. రేపటి క్యాంపుకు స్లాట్ దొరికిన రోజు నన్ను దుకాణంలో కూర్చోబెట్టి తనే డాక్టరైంది.

"చెప్పమ్మా, నీ బిడ్డకు జడ ఎవరేస్తరు?"

"నేనే."

"చీరె ఎవరు కడ్తరు?"

"అదే కట్టుకుంటది, జర నేను పట్టుకుంట..."

"మళ్ల షురూ జేసినవ్!" అని గాజుల పెట్టె మూతతో నా మోకాలి మీద కొట్టింది. "చెల్లె, ఊరోళ్లకు చెప్పే మాట ఊర్లనే ఇడ్సిపెట్టి రా. నీ బిడ్డకు ఏం చేతగాదో గది చెప్పు."

బిడ్డ ఎదురుగా కూర్చుని ఉంది. దాని ముందు ఆ మాట ఎట్లా అనాలి? చేతిలోని కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

"పోనీలే, నేను పక్కన్నే ఉంట. నువ్వు గాడి తప్పితే గిచ్చుత" అన్నది.

నిన్న మధ్యాహ్నం మా ఊరు మల్దకల్ నుంచి బస్సులో గద్వాల పోయాను. దుకాణం షట్టరు దించి ఉంది. ఇంట్లో ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. నేనూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

పక్కనున్నామె నా ఒళ్ళో చూసి "ఏందమ్మా అది?" అన్నది.

చూసుకుంటే సుజాత కాగితాల కవరు. గద్వాల పోవడమంటే అది చేతిలో ఉండాలి, అట్లా అలవాటైంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. కొంగు కింద దాచుకున్నాను.

ముఖం చూపించారు. నిద్రపోతున్నట్టే ఉంది. నాకేమీ అనిపించలేదు. బస్సు దొరుకుతుందా అనుకున్నాను.

రేపే క్యాంపు. పొద్దున్నుంచి కాగితాలు తీస్తున్నాను, పెడుతున్నాను. ఆధార్ ఉంది. ఫోటోలు ఉన్నాయి. రేపు నా నోట్లోంచి ఏం వస్తుందో అదే తెలియదు. గిచ్చే మనిషి లేదు.

ఇదంతా చెబుతుంటే సుజాత టైప్ చేయడం ఆపింది.

"అమ్మా, రేపు లోపల నేనే మాట్లాడ్త. నువ్వు బయట కూసో."

"ఏం చెప్తవ్?"

"జడ నువ్వేస్తవని. చీరె నువ్వు కడ్తవని. బాత్రూంల రెండుసార్లు పడ్డనని."

నాకు ఒక్కసారి పడిన సంగతే తెలుసు.

"రెండోసారి నీకు చెప్పలే. పరేషాన్ అయితవని."

కాగితాల కవరు తీసి దాని ఒళ్ళో పెట్టాను. సరే అన్నాను. ఇది కూడా రాయమన్నాను.

జైనబక్కా, మీ దువాలు చదవడం నాకు రాదు. నువ్వు పడుకున్న మట్టి చల్లగా ఉండాలి. అక్కడ నిన్ను ఏ లైన్లోనూ నిలబెట్టకుండా పేరు పెట్టి లోపలికి పిలవాలి.

పోయి రా అక్కా. ఇంక కూర్చో, నెమ్మదిగా.