పాదిరిగారి పుస్తకానికి కొత్త అట్ట

టొలెడోలో పుస్తకాలు బైండు చేసే ఫరాజ్‌కి లాటిన్ అక్షరం ముక్క రాదు. రాదని దాచుకునేవాడూ కాదు. పెద్ద చర్చి పాదిరి గుతియెర్రె సంగతి వేరు. ఆయన మహా పండితుడు. ఆ మాట ఆయనే ఊరంతా చెప్పుకునేవాడు.

ఒక చలికాలం ఆయన లావుపాటి లాటిన్ ధర్మశాస్త్రం తెచ్చి బల్లమీద పడేశాడు.

"పదేళ్లుగా రోజూ చదువుతున్నానోయ్, అట్ట అరిగిపోయింది. మీ ముస్లిములు తోలుమీద అల్లికల పని చేస్తారు చూడు, అది వెయ్యి. వేలు పెట్టేంత ఖాళీ కూడా ఉండకూడదు."

అట్ట అరగలేదు, ఎలకలు కొరికాయి. లోపలి పుటలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. ఫరాజ్ పాత కుట్టు విప్పి, మడిచి కుట్టిన పుటల కట్టలను విడదీశాడు. ప్రతి కట్ట చివరా, తర్వాతి కట్ట ఏ మాటతో మొదలవుతుందో ఆ మాట అడుగున రాసి ఉంటుంది. చదవడం రాకపోయినా అక్షరాల వంపులు పోల్చుకుంటే వరస తెలిసిపోతుంది. చూస్తే ఆరో కట్ట మూడోదాని ముందు కూర్చుంది. తొమ్మిదోది తలకిందులుగా ఉంది.

"షంసీ, ఇలా రా!" అని భార్యను కేకేశాడు. "రోజూ చదువుతున్నాడట, చూడు!"

"తలకిందులుగా నిలబడి చదువుతాడేమోలే," అంది ఆమె పిండి చేతులతోనే వచ్చి. "నీకెందుకయ్యా? నోరు మూసుకుని కుట్టు."

సరైన వరసలోనే కుట్టాడు. చెక్క పలకలకు మేకతోలు బిగించి, తడిపి, వేడిచేసిన ఇనుప అచ్చులు ఒక్కొక్కటే ఒత్తాడు. గోరంత అచ్చులు. పేనిన తాడు లాంటి గీత ఒకచోట పైనుంచి, ఒకచోట కిందనుంచి పోతూ, ఎక్కడా తెగకుండా అట్టంతా అల్లుకుంది. మూడు వారాలు పట్టింది.

పాదిరి వచ్చి, "అట్టమీద బంగారుపూత ఏదిరా?" అన్నాడు.

ఫరాజ్ నోరు ఆగలేదు. "దొరగారూ, లోపల కట్టలు వరస తప్పి ఉంటే సరిచేశాను. ఒకటి తలకిందులుగా కూడా ఉంది. చదివేటప్పుడు అడ్డం రాలేదా?"

వెంట వచ్చిన గుమాస్తా కిసుక్కుమన్నాడు. పాదిరి మొహం కందగడ్డయింది.

"లాటిను నాకు తెలుసా, నీకు తెలుసా? అది అలాగే ఉండాలి! విప్పి, ముందెలా ఉందో అలా కుట్టు!"

విప్పితే ఆ తోలు మళ్లీ ఎందుకూ పనికిరాదు. "చిత్తం" అని ఫరాజ్ పుస్తకాన్ని అలమరలో పెట్టి, ఎనిమిది రోజులు దాని జోలికే పోలేదు.

తొమ్మిదో రోజు పాదిరి వచ్చాడు. నాలుగు పుటలు తిప్పి, అక్షరాల వరసలవెంట వేలు జరిపాడు.

"ఇదీ వరస! ఇప్పుడు దారికొచ్చింది. తెలియనివాడు తెలిసినవాడి మాట వినాలిరా."

అల్లికవైపు కన్నెత్తి చూడలేదు. ఫరాజ్‌కి నవ్వు రావలసింది, రాలేదు. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత పాదిరి పుస్తకాలన్నీ అతని దగ్గరికే వచ్చాయి. అన్నిటినీ అక్షరాలు పోల్చి, వరస చూసుకునే కుట్టాడు.

"ఆయన చదివేదా పెట్టేదా! ఎందుకంత జాగ్రత్త?" అనేది షంసీ.

"ఎప్పుడో ఒకప్పుడు చస్తాడుగా," అనేవాడు ఫరాజ్. "అప్పుడు చదివేవాడి చేతికి పోతాయి."