"మీ బాపు ఏం పని చేస్తుండె సార్?"

ఎస్తేరు టీచర్ ఇక లేరన్న వార్త సారంగాపూర్ రైతువేదికలో, యూరియా కోసం వచ్చిన రైతుల కేకల మధ్య నా చెవిన పడింది. ఫోన్ చేసింది రజిత, నాతో పాటు ఆమె దగ్గర చదువుకున్న నా దోస్తు. "టీచర్ పోయిందే" అన్నది, అంతే, వెక్కిళ్లు. నేను వ్యవసాయ విస్తరణాధికారిని. పది మందికి సర్దిచెప్పడం నా ఉద్యోగం. ఆ క్షణాన నాకు నేను సర్దిచెప్పుకోలేకపోయాను. మొన్నటికి మొన్న "గొంతు నీరసంగుంది, అన్నం తింటలేవా?" అని ఫోనులో కసిరిన మనిషి లేదంటే ఎట్ల నమ్ముదును?

నమ్మించింది మా పాత బడి వాట్సాప్ గ్రూపు. చూస్తుండగానే "విద్యారంగ ధ్రువతార రాలిపోయింది" అంటూ దండాల బొమ్మలు కురిశాయి. పెట్టినవారి పేర్లు చదువుతుంటే దుఃఖాన్ని తోసుకొని రోత ముందుకొచ్చింది. ఆమె బతికున్నప్పుడు స్టాఫ్ రూములో "పిచ్చిది, దానికేం పని లేదు" అని పకపకా నవ్వినవాళ్లే వీళ్లు. ఛీ! చచ్చిపోతే గాని మనిషి విలువ తెలియని ఈ మహానుభావులకు ధ్రువతార అన్న మాట ఎక్కడ దొరికిందో!

ముస్తాబాద్ దిక్కు, గుంట భూమి లేని, కైకిలికి, అంటే కూలికి పోయే కుటుంబంలో జన్మించిన విదుషీమణి ఆమె. సిరిసిల్లలో మాకు సాంఘికశాస్త్రం బోధించారు. మా తరగతిలో సగం మంది నాలాగా సాంచెల ఇండ్ల పిల్లలు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. మిగతా సగం కైకిలికి పోయే ఇండ్ల పిల్లలు. చదువు తర్వాత ఏ పనిలోకి పోవచ్చో పిల్లలకు తెలియజెప్పే బాధ్యతను, ఎవరికీ అక్కరలేక, ఆమె నెత్తిన రుద్దారు. దాంతోపాటు పైనుంచి ఒక ఫ్లెక్సీ వచ్చింది. అందులో ఒక డాక్టరు, ఒక ఇంజనీరు, ఒక పైలటు నవ్వుతున్నారు.

టీచర్ దాన్ని కిందికీ మీదికీ చూసి, "వీళ్లల్ల ఒక్కడన్న మన బడి మొకం చూసిండా?" అన్నారు. మధ్యాహ్న భోజనం వండే అవ్వను పిలిచి, కట్టెలు తడవకుండా కప్పుకొమ్మని ఇచ్చేశారు. ఆ వానాకాలమంతా పైలటు కట్టెలకు కాపలా ఉన్నాడు. ఆ ఫ్లెక్సీ విద్యారంగానికి చేసిన సేవ అదొక్కటే.

ఆమె పద్ధతి వేరు. శనివారం మధ్యాహ్నం పిల్లలందరూ తమ ఇంట్లో లేని పని ఒకటి చూసి రావాలి. ముట్టుకోవద్దు, చూడాలి, అడగాలి: "గీ పనిలకు ఎట్లచ్చినవ్?" సోమవారం తరగతిలో నిలబడి చెప్పాలి. "ఇంట్ల ఉన్న పని ఇల్లే నేర్పుతది. బడి ఇంకో దర్వాజ చూపెట్టాలె" అనేవారు. సాంచెల చప్పుడులో పుట్టిన నేను వరి పొలం గట్టు మీద నిలబడ్డది అట్లనే. రజిత ఒక టైలరమ్మ దుకాణానికి పోయింది.

అక్కడే తగాదా వచ్చింది. రజిత తల్లి లక్ష్మవ్వ, బిడ్డను పనికి పెట్టారనుకొని, నాటు నడుమ వదిలేసి మోకాళ్లదాకా బురదతో బడికి వచ్చింది. "నా బిడ్డ కైకిలి చెయ్యొద్దనే గద నీ బడికి తోలిన! నువ్వే పనికి పంపుతవా? నీకు పిల్లలు లేరా?" మేమంతా బిక్కచచ్చిపోయాం. టీచర్ మాత్రం "నీ కోపం న్యాయమే అక్కా. నడువు, నువ్వు గూడ చూద్దువు" అని ఆమెను వెంటబెట్టుకొని దుకాణానికి తీసుకుపోయారు. బిడ్డ అడుగుతుంటే, టైలరమ్మ చెప్తుంటే, లక్ష్మవ్వ నోరు తెరుచుకొని వింది. తిరిగొచ్చేటప్పుడు మెల్లగా అన్నది: "ఇన్నేండ్ల సంది నాట్లేస్తున్న టీచరమ్మా, నన్నెవ్వలు గిట్ల అడుగలే."

ఇక సంస్కర్త గారి సంగతి. బడిలో కుట్టుపని, వ్యవసాయం అని రెండు కోర్సులు మొదలైనప్పుడు ఒక అధికారి వేంచేశారు. సాంచెల పిల్లలు కుట్టుపనికట, కైకిలి పిల్లలు వ్యవసాయానికట! "కుటుంబ వృత్తిలో సహజాభిరుచి ఉంటుందమ్మా, ఇది శాస్త్రీయ సంస్కరణ" అని సెలవిచ్చారు. ఆ శాస్త్రం ఏ చెట్టు కింద పుట్టిందో ఆయనకే తెలియాలి.

టీచర్ దర్వాజకు అడ్డంగా నిలబడి, "మీ బాపు ఏం పని చేస్తుండె సార్?" అని అడిగారు.

ఆయన గారు దగ్గారు, గడియారం చూసుకున్నారు, జీపు వైపు చూశారు. టీచర్ కదలలేదు. "చెప్పి పోండి సార్, పిల్లలు ఇంటున్నరు." చివరకు "కిరాణా దుకాణం" అని గొణిగారు.

"మరి మీరు పప్పు జోకకుండ గిక్కడేం చేస్తున్నరు? సహజాభిరుచి లేదా?"

ఆ ఏడాది కోరిన కోర్సు కోరినవాళ్లకు దక్కింది. నేను వ్యవసాయం తీసుకున్నాను, రజిత కుట్టుపని. నేడు నేను ఈ ఉద్యోగంలో ఉన్నా, రజిత సొంత దుకాణం నడుపుతున్నా, ఆ దర్వాజే కారణం. టీచర్‌కు దక్కిన బహుమానం కోరుట్లకు బదిలీ. ఆమె అక్కడా అదే పని చేశారు. జగిత్యాలలో పదవీ విరమణ దాకా మారలేదు.

జగిత్యాలలో సంతాపసభ పెట్టారు. పోయినామెకు కప్పలేక ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. అధ్యక్ష పీఠం మీద ఎవరు? ఆ అధికారే! ఇప్పుడు ఇంకా పెద్ద పదవి, ఇంకా పెద్ద పొట్ట. గద్గద స్వరంతో ప్రకటించారు: టీచర్ పేరిట ప్రతి బడిలో ఒక గది, "ఎస్తేరు వృత్తి బాట". పిల్లలకు వారి కుటుంబ వృత్తిని బట్టి కోర్సు. "ఇది ఆ మహనీయురాలి కల!" చప్పట్లు. నా ఒళ్లు మండిపోయింది. దేన్నైతే ఆమె దర్వాజ దాటనియ్యలేదో, దానికే ఆమె పేరు తగిలిస్తారా? పిల్లల నోట్లో మట్టికొట్టి, దాని మీద ఆమె ఫొటో పెడతారా?

నేను లేచేలోపు వెనక వరుసలోంచి లక్ష్మవ్వ లేచింది. నడుం వంగిపోయింది గాని గొంతు వంగలేదు.

"మీ బాపు ఏం పని చేస్తుండె సార్?"

రజిత నోట ఆమె ఎన్నోసార్లు విన్న ప్రశ్న అది. ఆమె ఎవరో అధికారికి తెలియదు గాని ప్రశ్నను గుర్తుపట్టారు. ముఖం మాడిపోయింది. "చాయ్ చల్లారుతోంది, అందరూ తీసుకోండి" అని వేదిక దిగారు. "సార్, పెద్దమ్మ అడిగింది" అని నేను వెంటపడేసరికి కారు కదిలింది. ఆయనను ఆపిన వాళ్లు లేరు. ధ్రువతార అన్నవాళ్లంతా చాయ్ కాడ ఉన్నారు.

టీచర్, మీ ప్రశ్న మాకు బాగా వచ్చు. జవాబు వచ్చేదాకా దర్వాజ కాడ కదలకుండా నిలబడుడే రాలేదు. మీ పేరుతో ఆ గది తెరిచే నాడు రజిత, లక్ష్మవ్వ, నేను దర్వాజకు అడ్డంగా నిలబడతం. మీరు ఒక్కరే నిలబడ్డ చోట ముగ్గురం నిలబడతం. అయినా సరిపోతమో లేదో అని భయంగుంది.