వెన్నెల ఉన్న తేదీలు

చంద్రుడు తరుగుతున్న రోజుల్లో నాకు భయంగా ఉంటుంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు. అడిగితే మా బాపు గురించి చెప్పాల్సి వస్తుంది.

బాపు బహ్రెయిన్‌లో ఒకే ఇంట్లో డ్రైవరు. నేను పుట్టకముందే వచ్చాడు. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ ఆయన్ని 'దుబాయాయన' అనే అంటారు. ఆయనకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. కఫీల్ ఇల్లు జింజ్‌లో ఉంది. గేటు పక్కన ఉన్న చిన్న గది బాపుది. డిగ్రీ అయ్యాక నేనూ వచ్చి జుఫైర్‌లో ఒక హోటల్లో, గదులు బుక్ చేసే విభాగంలో చేరాను. పనంతా కంప్యూటర్లో వచ్చే ఉత్తరాలకు జవాబులు రాయడమే. ఎవరితోనూ పెద్దగా మాట్లాడనక్కర లేదు కాబట్టి నాకు సరిపోయింది. శుక్రవారం మాత్రం జింజ్ వెళ్లి బాపు గదిలో వండిపెట్టేదాన్ని.

పోయిన చలికాలంలో ఒకసారి నన్ను తనతో ఎడారికి తీసుకెళ్లాడు. కఫీల్ వాళ్లు అక్కడ గుడారాలు వేసుకున్నారు. వాళ్లకు గిన్నెలు ఇచ్చి తిరిగొస్తుంటే పొద్దు గూకింది. తారురోడ్డు చేరేదాకా ఇసుకలో టైర్ల జాడలు తప్ప దారి లేదు, దీపాలూ లేవు.

"బిడ్డా, ఒక ఆట ఆడుదమా? నువ్వు తొవ్వ చెప్పు, నేను నడుపుత," అన్నాడు బాపు.

నాకు సరదాగా అనిపించింది. "ఎడమకు బాపూ. ఇగ సక్కగ పో. జెర కుడికి," అంటూ చెబుతున్నాను. ఎదురుగా ఎవరో నిలిపిన పికప్ కనిపించింది. దాని గురించి వేరే చెప్పాలని నాకు తోచలేదు, అంత పెద్ద బండి ఆయనకు కనిపించదా అనుకున్నాను. బాపు వేగం తగ్గించలేదు.

"బాపూ, బండి," అన్నాను. ఆయన బ్రేకు తొక్కాడు. ముందు అద్దం నిండా ఆ పికప్ వెనక తలుపే ఉంది.

తారురోడ్డెక్కి వరసగా దీపస్తంభాలు మొదలయ్యాక బాపు మామూలుగా నడిపాడు.

"దీపాలుంటే ఏం గాదు," అన్నాడు. "దీపాలు లేని కాడనే జెర మసక, బండి లైట్లు సాలవు. ఊర్ల మీ అవ్వకు చెప్పకు."

"డాక్టరుకు చూపించుకున్నవా?"

"చూపించుకుంటే కాయితం రాస్తడు. కాయితం రాస్తే లైసెన్సు పోతది. ఊకో."

వెన్నెల ఉన్నప్పుడు ఇసుక తెల్లగా మెరుస్తుంది, దారి తెలుస్తుంది. కాబట్టి ఆ చలికాలమంతా బాపు ఎడారికి వెళ్లాల్సిన రోజుల్లో నేను చంద్రుణ్ణి చూసుకునేదాన్ని. నా గది కిటికీలోంచి రెండు టవర్ల మధ్య ఆకాశం చీలికలా కనిపిస్తుంది. ఆ చీలికలో చంద్రుడుంటే పడుకునేదాన్ని. లేకపోతే "చేరిన" అని బాపు ఫోన్ చేసేదాకా పుస్తకంలో ఒకే పేజీ చదువుతూ కూర్చునేదాన్ని.

ఎండాకాలం వచ్చి గుడారాలు పీకేశారు, నా భయం కొంచెం తగ్గింది. అప్పుడు ఎల్క్ వేట మాట వచ్చింది.

ఎల్క్ అంటే మన కణుజు లాంటి జింక జాతిదే, దానికంటే చాలా పెద్దది. దాన్ని వేటాడాలని కఫీల్‌కు ఎప్పటినుంచో కోరిక. ఉత్తరాన ఏదో పర్వత దేశంలో డబ్బు కట్టించుకుని, అనుమతులు తీసి, వేటకు తీసుకెళ్లే ఒక గైడ్ దొరికాడు. అతని నుంచి మూడు పేజీల ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. కఫీల్‌కు ఇంగ్లీషు వచ్చు. అయినా ఆ ఉత్తరం నాచేత చదివించుకున్నాడు. టిక్కెట్లూ నేనే చూడాలి కాబట్టి కాబోలు అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, వచ్చినవాళ్లు కూర్చునే ఆయన మజ్లిస్‌లో, గోడ వెంట పరిచిన దిండ్ల మధ్య, అంచున కూర్చుని చదివాను. బాపు గహ్వా కాఫీ పోస్తూ పక్కనే ఉన్నాడు. కఫీల్ మాతో మాట్లాడేది హిందీలో, మధ్యమధ్య అరబ్బీ కలుపుతూ. నన్ను 'బింతీ' అంటాడు, బిడ్డా అని.

పోతులు ఆడవాటిని పిలుస్తూ అరిచే రోజులు సెప్టెంబరులో వస్తాయని రాశాడు గైడ్. ఆ నెలలో రెండు విడతలు ఖాళీ ఉన్నాయి. మొదటిది అమావాస్య చుట్టూ, రెండోది పున్నమి చుట్టూ. చీకటి రోజుల్లో జంతువులు రాత్రి సరిగా మేయవు, తెల్లవారాక కూడా పచ్చికలోనే ఉంటాయి. కాబట్టి తెల్లవారేసరికి మనం అక్కడ ఉండాలి. అంటే గుడారం నుంచి చీకట్లోనే బయల్దేరి కొండ అంచున సన్నటి బాటలో నడవాలి. ఒక పక్క లోయ. టార్చిలైటు వెయ్యకూడదు, వేస్తే అవి పారిపోతాయి.

రెండో పేజీ అక్కడ ముగిసింది. నేను మూడో పేజీ తిప్పేలోపు కఫీల్ బాపు వైపు చూశాడు. "నువ్వేమంటావు? మీ ఊరి అడవిలో ఎలా చేసేవాళ్లు?"

బాపు ముఖం వెలిగింది. మా ఊళ్లో మక్కచేనుకు మంచె మీద కావలి ఉండేవాళ్లు. వెన్నెల రోజుల్లో కావలివాళ్లు నిద్రపోయేవాళ్లు, అడవిపందులు వెలుతురుకు జంకి రావని నమ్మకం. చీకటి రోజుల్లోనే డబ్బాలు కొడుతూ మేలుకునేవాళ్లు. బాపు అదంతా గహ్వా పాత్ర చేత్తో పట్టుకునే చెప్పాడు. పంది చేనులోకి ఎలా దూరుతుందో వంగి నడిచి చూపించాడు కూడా.

"అమావాస్యే మంచిది సాబ్. చీకట్లోనే బయటికి వస్తాయి."

"నువ్వు పందుల గురించి చెబుతున్నావు. నేను పందిని కొట్టడానికి పోవడం లేదు," అన్నాడు కఫీల్ నవ్వుతూ. ఆయన వేళ్ల కణుపుల మీద తమ నెల లెక్క వేసుకున్నాడు. వాళ్ల నెలా చంద్రుణ్ణి బట్టే. "నెలాఖరు. ఖలాస్. మొదటి విడతే రాసెయ్ బింతీ. మీ బాపు నాతో వస్తాడు."

మూడో పేజీ నా ఒళ్లో ఉంది. ఇంకా ఉందని చెప్పాలి. నోరు తెరిచాను. ఆయన అప్పటికే బాపును ఇంకో కథ అడుగుతున్నాడు.

బయటికి వచ్చాక గేటు దగ్గర బాపును ఆపాను.

"నీకు చీకట్ల కనబడదు గద బాపూ."

"ఎరుకే. అడవి ముచ్చటొస్తే నా నోరు ఆగదు. జారింది."

"పోనని చెప్పు. వేరే ఎవలనన్న తీస్కపొమ్మను."

"ఎట్ల జెప్త బిడ్డా? ఆయిన కండ్లు పాడైనయి. ఆ కాయితం నీతోని ఎందుకు సదివించుకున్నడనుకున్నవ్? చీకటైతే నా భుజం పట్టుకొనే నడుస్తడు. ఇంకొకల భుజం పట్టడు."

అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రాలు కారు దిగి ఇంట్లోకి వెళ్లేటప్పుడు ఆయన చెయ్యి బాపు భుజం మీద ఉండేది. నేను దాన్ని అభిమానం అనుకున్నాను.

"నీ సంగతి ఆయినకు ఎరుకనా?"

"ఎరుకైతే భుజం పడుతడా?"

ఆ రోజు నుంచి నా కళ్ల ముందు ఒకటే దృశ్యం. కొండ అంచున సన్నటి బాట. ముందు మా బాపు, ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని వెనక కఫీల్. ఇద్దరిలో ఎవరికీ ఏమీ కనిపించదు. వెనకున్న మనిషికి ఆ సంగతి తెలియదు. గైడ్ ముందే ఎక్కడో ఉంటాడు. మాట్లాడకూడదు, వేట కదా. అన్నం ముందు కూర్చున్నా, ఆఫీసులో ఎవరికో సముద్రం కనిపించే గది బుక్ చేస్తున్నా, నాకు వాళ్ల అడుగులు వినిపించేవి. ఒక్క రాయి జారితే చాలు.

ఆగస్టులో ఒక సాయంత్రం చెప్పకుండా జింజ్ వెళ్లాను. పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజు అప్పుడే అయింది. బాపు గదిలో దీపం లేదు. ప్రహరీకీ ఇంటికీ మధ్య ఉన్న సందులో ఏదో కదిలింది. బాపే. భుజం మీద చిన్న బియ్యం సంచి పెట్టుకుని, కాలితో ముందు నేల తడిమి, తర్వాత అడుగేస్తూ నడుస్తున్నాడు. నేను రెండు గజాల దూరంలో ఉన్నాను. నన్ను చూడలేదు.

"సంచెందుకు బాపూ?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి పక్కకు తిరిగి, గోడకు ఆనించి ఉన్న ఖాళీ గ్యాస్ సిలిండరుకు తగిలాడు. పడలేదు కానీ మోకాలు గీసుకుపోయింది.

"ఆయిన చెయ్యి బరువు గింతనే ఉంటది," అన్నాడు. "అలవాటైతే తొవ్వ అదే దొరుకుతది."

మోకాలికి పసుపు అద్దుతూ, "నాకు భయమైతాంది బాపూ," అన్నాను. "నాకు గాదా?" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన నోట ఆ మాట వినలేదు.

మర్నాడు ఆఫీసులో ఆ ఉత్తరం మూడో పేజీ తెరిచాను. వేటకు అసలు ముఖ్యం అవి అరిచే రోజులు, ఆ నెలంతా అరుస్తాయి, చంద్రుడు మార్చేది మనం బయల్దేరే వేళను మాత్రమే అని రాశాడు గైడ్. పున్నమి రోజుల్లో అవి రాత్రంతా మేసి తెల్లవారకముందే అడవిలోకి పోతాయి. కాబట్టి పొద్దున చీకట్లో నడిచి లాభం లేదు. ఎండెక్కాక వెళ్లి, పోతులు పొర్లడానికి వచ్చే బురద గుంటల దగ్గర మధ్యాహ్నం కాచుకోవాలి. తిరిగొచ్చేసరికి ఆలస్యమైనా వెన్నెల ఉంటుంది.

నాలుగైదు సార్లు చదివాను. కొండ అదే, మనుషులు వాళ్లే, పదిహేను రోజులు జరిగితే చాలు. ఆ రోజు మజ్లిస్‌లో చదవకుండా మిగిలిన ఆ పేజీ నా దగ్గరే ఉండిపోయింది.

బాపు కఫీల్ మనవరాళ్లను దించడానికి అమ్వాజ్ వెళ్లే వేళ చూసుకుని జింజ్ వెళ్లాను. మజ్లిస్ గుమ్మం దగ్గర నిలబడే మూడో పేజీ చదివి వినిపించాను. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే ఆయన రెండుసార్లు "ఏంటి?" అన్నాడు.

"మంచిదే. కానీ మీ బాపు చీకటే మేలన్నాడు కదా," అన్నాడు చివరికి.

ఇంక దాచే చోటు లేదు. "బాపుకు చీకట్లో కనిపించదు," అన్నాను. హిందీలో ఆ వాక్యం ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది.

ఆయన చేతిలో గహ్వా తాగే ఫింజాన్ గిన్నె ఆగిపోయింది.

"చలికాలంలో నన్ను గుడారాల నుంచి ఇంటికి తెచ్చిందెవరు?"

"బాపే."

"నేను పక్క సీట్లో నిద్రపోయాను," అన్నాడు. నాతో అన్నట్టు లేదు. గిన్నె కింద పెట్టబోతే అది పళ్లెం అంచుకు తగిలి ఒరిగింది. ఒరిగిన గిన్నెను తడిమి నిలబెట్టాడు. తర్వాత, "యల్లా, రాసెయ్. వెన్నెల తేదీలే," అన్నాడు.

బాపును రావద్దని అంటాడేమో అనుకున్నాను. అనలేదు. నేను అడగలేదు. ఆ ఇద్దరూ ఒకరు లేకుండా ఒకరు అంత దూరం వెళ్తారని నాకూ అనిపించలేదు.

ఆ వారమే సాయంత్రాల డ్యూటీకి వేరే డ్రైవరు వచ్చాడు. పొద్దు గూకే వేళకు బాపు కారు తాళం గుమ్మం దగ్గరున్న ఇత్తడి గిన్నెలో పెట్టేయాలి. ఎవరూ కసరలేదట, జీతం తగ్గించలేదట. కానీ తాళం గిన్నెలో పడ్డ చప్పుడు ఇంట్లో అందరికీ వినిపిస్తుంది. శుక్రవారం నేను వండింది బాపు తిన్నాడు. కంచం కడిగాడు. నా వైపు చూడలేదు. ఎవరు చెప్పారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయనకు తెలియక కాదు.

వాళ్లు వెళ్లి నాలుగు రోజులైంది. అక్కడ ఫోన్లు పనిచేయవు. ఈ సాయంత్రం రెండు టవర్ల మధ్య చంద్రుడు దాదాపు నిండుగా వచ్చాడు. ఇక్కడ ఆకాశంలో మచ్చ లేదు. అక్కడి ఆకాశం ఎలా ఉందో ఎవరిని అడగాలో నాకు తెలియదు.

వాళ్లు వెళ్లిన రోజు విమానం మధ్యాహ్నం. పట్టపగలు కాబట్టి ఎయిర్‌పోర్టుకు బాపే నడిపాడు. లోపలికి వెళ్లే ముందు కఫీల్ తన సామాను లెక్క చూసుకుంటుంటే బాపు నా దగ్గరికి వచ్చాడు. మూడు వారాల తర్వాత నా ముఖంలోకి చూడడం అదే. స్వెట్టరు బొత్తాలు పెట్టుకుంటూ, గొంతు తగ్గించి అడిగాడు.

"వెన్నెలుంటదని తేదీలు మార్పించినవ్. మబ్బు పడితే ఏం జేస్తవ్ బిడ్డా?"