చిలకమ్మ చదివిన లెక్కలు

చిలకమ్మ పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి ఇరవై ఎనిమిది మార్కులు, రెండోసారి ముప్పై ఒకటి. మూడోసారి రాయమని ఇంట్లో ఎవరూ అనలేదు. పెళ్ళయి బోరబండలో కాపురం పెట్టాక, అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్లో రెండు పూటలా చపాతీలు చేసే పనికి కుదిరింది. 2003 నాటికి ఆ హాస్టల్లో నూట ఇరవై మంది ఉండేవాళ్ళు. అందరూ ఏదో ఒక కంప్యూటర్ కోర్సు కోసం వచ్చినవాళ్ళే. ఏ పూటకు ఎన్ని చపాతీలు కావాలో యజమానురాలు అరుణాదేవి లెక్కేసి చెప్పేది, చిలకమ్మ పిండి కలిపేది.

హాస్టల్‌కు ఎదురుగా విజయేందర్ ఎస్టీడీ బూత్. అతనికి చూపు లేదు. మూడేళ్ళ వయసులో జ్వరంతో పోయింది. పట్టుదలగా డిగ్రీ దాకా చదివాడు. వికలాంగుల కోటాలో ఆ బూత్ వచ్చింది. ఫోన్ నంబరు ఒక్కసారి వింటే చాలు, నెల తర్వాత అడిగినా చెప్పేవాడు. కానీ ఆ ఏడాది ఎవరి జేబులో చూసినా సెల్‌ఫోనే. బూత్ ముందు క్యూ మాయమైంది. ఇక ఇది ఎక్కువ రోజులు నడవదని విజయేందర్‌కు అర్థమైపోయింది. ఎంసీఏలో చేరి కంప్యూటర్ ఉద్యోగం చేయాలనుకున్నాడు. మే చివర్లో ప్రవేశ పరీక్ష. రెండున్నర గంటల్లో రెండు వందల ప్రశ్నలు, ఎక్కువ భాగం లెక్కలే.

అతనికి పుస్తకం చదివి వినిపించే కుర్రాడొకడు ఉండేవాడు. మార్చిలో ఆ కుర్రాడికి బేగంపేటలో కాల్‌సెంటర్ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పరీక్షకు తొమ్మిది వారాలున్నాయి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చిలకమ్మ తోటి పనిమనిషి సీతాబాయిని వెంటబెట్టుకుని బూత్‌కు వచ్చింది. సీతాబాయికి చదువు రాదు, ఆమెకు ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి. చిలకమ్మ ఆ కాగితాన్ని పై నుంచి కింది దాకా చదివి సీతాబాయికి వినిపించింది. కింద ముద్రలో ఉన్న రెండు మాటలు కూడా వదల్లేదు. విజయేందర్ చెవులు రిక్కించి విన్నాడు.

"అక్కా, నువ్వు చదివేటప్పుడు ఒక్క ముక్క మింగవు. నాకు జర లెక్కల బుక్కు చదివిపెడతవా? పరీక్షల సుత నువ్వే పక్కన కూసోని చదవాలె, నేను చెప్పిన జవాబు దిద్దాలె. ప్రశ్నలు తెలుగుల సుత ఉంటయ్."

"లెక్కలా? నేను లెక్కల్ల ఫెయిలైన తమ్మీ. ఒక్కసారి గాదు, రెండుసార్లు."

"మంచిగైంది. లెక్కలొచ్చినోళ్ళయితె జవాబులు చెప్తరని నా పక్కన కూసోనియ్యరు."

చిలకమ్మ నవ్వేసింది. లెక్కల పుస్తకం పట్టుకుని పదహారేళ్ళయింది. అయినా మర్నాడు ఒంటిగంటకు బూత్‌కు వెళ్ళింది. పగలు ఎస్టీడీ రేటు ఎక్కువ కాబట్టి ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్‌కు ఎవరూ రారు. ఆమెకూ ఆ మూడు గంటలే తీరిక.

మొదటి వారం గుర్తులతోనే సరిపోయింది. వాటి పేర్లు ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

"రెండు కాళ్ళ పీట లెక్క ఉంది తమ్మీ."

"అది పై. తర్వాత?"

"కొక్కెం గీసి, దాని మీదికెళ్ళి గీత లాగిన్రు. లోపల నూట నలభై నాలుగు."

"వర్గమూలం. నువ్వు రూట్ అను, చాలు."

ఇంగ్లిషు భాగం వస్తే ఆమె ఒక్కో అక్షరం చెప్పేది, అతను మాటను పట్టుకునేవాడు. 'ఇచ్చిన సమాచారం సరిపోతుందా?' అనే ప్రశ్నలు మాత్రం చిలకమ్మకు నచ్చాయి. రాము సోము కంటే పెద్దవాడా? రాము గోపి కంటే పెద్ద, గోపి సోము కంటే చిన్న. అది చదివి, ఆగలేక, "గిదేం సరిపోతది? గోపి ఇద్దరికంటె చిన్నోడని తెలిసె, గంతే గద!" అంది.

విజయేందర్ మెచ్చుకోలేదు. అతని ముఖం గట్టిపడింది. "జవాబు కరెక్టే. కని పరీక్షల నువ్వు గట్ల నోరు తెరిస్తె ఇద్దర్నీ బయటికి పంపుతరు. నీ గొంతు సుత మారొద్దక్కా."

అప్పటి నుంచి ఆమె సుఖదుఃఖాలు లేని గొంతుతో చదవడం నేర్చుకుంది.

మూడో వారంలో ఒక పట్టిక వచ్చింది. ఐదు బస్ డిపోలు, నాలుగు నెలలు, ఇరవై అంకెలు. చిలకమ్మ చదువుతుంటే విజయేందర్ బల్ల మీద వేళ్ళు తడుతూ ఆ ఇరవై అంకెలనూ మనసులో నిలుపుకున్నాడు. నాలుగు నిమిషాలు కూడాడు, భాగించాడు. వచ్చిన జవాబు ఇచ్చిన నాలుగింటిలో లేదు.

"రెండో డిపో, మార్చి. మళ్ళ చదువు."

"అరవై ఏడు."

"ఇందాక డెబ్బై ఆరన్నవు."

చిలకమ్మ మళ్ళీ పట్టిక మీదికి వంగింది.

"పరీక్షల నాలుగు నిమిషాలు నాకెవడిస్తడక్కా? కండ్లున్నయ్ గద నీకు! చూసి చదవరాదా?"

ఆమె పుస్తకం మూసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. విజయేందర్ హాస్టల్ గేటు దాకా వెళ్ళి, ఏమని పిలవాలో తెలియక తిరిగొచ్చాడు. మూడో రోజు ఒంటిగంటకు ఆమె వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు అంకెలు ఉల్టా అయితయ్ తమ్మీ. చిన్నప్పటి సంది గంతే. అరవై ఏడు చూస్త, నోట్లెకెళ్ళి డెబ్బై ఆరు వస్తది. బళ్ళె సార్లు కొట్టిన్రు. ధ్యాస లేదన్నరు. నేను సుత గట్లనే అనుకున్న. ఎవ్వలకు చెప్పలే."

విజయేందర్‌కు సిగ్గేసింది. కళ్ళున్నాయి కదా అన్న తన మాటే చెవుల్లో గింగురుమంది. "మొత్తం నంబరు చదవకు. పక్క అంకెను వేలుతోని మూసుకుంట, ఒకటెనుక ఒకటి చెప్పు. ఆరు. ఏడు. నంబరు నేనంట. నువ్వు చూసి ఔ అను."

అలా మొదలుపెట్టారు. "ఆరు, ఏడు." "అరవై ఏడు." "ఔ." మొదట్లో నత్తనడకే. గడియారం పెట్టుకుని మొదటిసారి పూర్తి పేపరు చేసినప్పుడు నూట పద్దెనిమిది ప్రశ్నలే అయ్యాయి. తర్వాత నూట నలభై. మే మూడో వారానికి నూట డెబ్బై దాటాయి. తప్పు అంకె మాత్రం ఒక్కటీ రాలేదు.

పరీక్ష ఆదివారం ఉదయం. హాస్టల్లో ఆదివారం పని ఎక్కువ. "సెలవంటే ఎలా చిలకమ్మా? ఏంటి, నీకు పరీక్షేంటి?" అంది అరుణాదేవి. సంగతి విన్నాక, "రెండింటికల్లా వచ్చెయ్యాలి మరి" అని ఒప్పుకుంది.

పంజాగుట్టలోని ఒక కాలేజీలో, వరండా చివర విడిగా ఒక గది ఇచ్చారు. కాపలాకు హనుమత్ప్రసాద్ అనే లెక్చరర్ కూర్చున్నాడు. గంట మోగింది. చిలకమ్మ మొదటి రెండు ప్రశ్నలు తడబడుతూ చదివింది, తర్వాత దారిలో పడింది. ఆమె చదవడం, అతను జవాబు చెప్పడం, ఆమె పెన్సిల్‌తో గడి నింపడం. గంటన్నర లోపే నూట పది పూర్తయ్యాయి.

అంతలో హనుమత్ప్రసాద్ లేచి వచ్చి జవాబు పత్రం లాగేసుకున్నాడు.

"ఏంటయ్యా ఈ సైగలు? ఆవిడేమో రెండు, నాలుగు అంటోంది. నువ్వేమో బల్ల మీద కొడుతున్నావు. ఏ జవాబు పెట్టాలో చెప్పుకుంటున్నారా?"

"సైగలు గాదు సార్," అన్నాడు విజయేందర్. "నాకే... నాకే గట్ల అంకెకు అంకె చదివితె అర్థమైతది."

అతను తన కోసం అబద్ధమాడుతున్నాడని చిలకమ్మకు తెలిసింది. ఆమె లేచి నిలబడింది.

"తమ్మికి గాదు సార్, నాకే. నాకు అంకెలు ఉల్టా అయితయ్. ఒక్కొక్కటి చదువకపోతే తప్పు చదువుత. జవాబులు చెప్పేంత లెక్కలు నాకొస్తే పదో తరగతి రెండుసార్లెందుకు తప్పుత సార్?"

హనుమత్ప్రసాద్ ఆమెను ఎగాదిగా చూశాడు. బయటికి వెళ్ళాడు, ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని ప్రశ్నపత్రంలో ఒక లెక్క మీద వేలు పెట్టాడు.

"ఇది చదువు. నేను వింటాను."

"ఒక పనిని ఎ... రెండు, నాలుగు."

"ఇరవై నాలుగు."

"ఔ. రోజుల్లో, బి... మూడు, ఆరు."

"ముప్పై ఆరు."

"ఔ. రోజుల్లో చేస్తారు. ఇద్దరూ కలిసి ఎనిమిది రోజులు పనిచేశాక ఎ వెళ్ళిపోతే, మిగిలిన పనిని బి ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తాడు?"

విజయేందర్ వేళ్ళు నాలుగుసార్లు బల్లను తాకాయి. "పదహారు."

హనుమత్ప్రసాద్ జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద ఆ లెక్క వేసుకున్నాడు. అతనికి నిమిషం పైగా పట్టింది. పదహారే వచ్చింది. జవాబు పత్రం తిరిగిచ్చాడు.

"పోయిన టైము సార్?" అంది చిలకమ్మ.

"అది నా చేతిలో లేదమ్మా. కానివ్వండి."

పదకొండు నిమిషాలు పోయాయి. ఇద్దరూ వేగం పెంచారు. నూట పదకొండు, నూట పన్నెండు, నూట పదమూడు... నూట పందొమ్మిదో జవాబు నింపి చిలకమ్మ ఆగిపోయింది. ఆ నిలువు వరుసలో చివరి గడి నూట ఇరవై. ఆ ప్రశ్న ఇంకా చదవనేలేదు, గడి మాత్రం అప్పుడే నిండిపోయింది. కళ్ళు పైకి పాకాయి. నూట పదకొండో గడి ఖాళీ. పత్రం తిరిగొచ్చిన కంగారులో ఒక గడి కిందికి దిగి మొదలుపెట్టింది. తొమ్మిది జవాబులూ తప్పు గడుల్లో ఉన్నాయి.

చెప్పకుండా దిద్దేద్దామా అనుకుంది. ఏ గడి చూసి దేన్ని ఎక్కడికి మార్చాలో, తన కళ్ళ మీద తనకే నమ్మకం లేదు.

"తమ్మీ... ఒక గడి తప్పిన. తొమ్మిది తప్పు జాగల పడ్డయ్."

విజయేందర్ కోప్పడలేదు. "తుడువు. మొత్తం తుడువు. కాయిదం చినగనియ్యకు."

ఆమె రబ్బరుతో మెల్లగా తుడిచింది. మొదటి ఖాళీ గడి మీద పెన్సిల్ మొన పెట్టింది.

"నూట పదకొండు?"

"సి."

"నూట పన్నెండు?"

"ఎ."

"పదమూడు?"

"ఎ. పద్నాలుగు డి. పదిహేను బి." ఒక్క క్షణం ఆగాడు. వేళ్ళు బల్ల మీద కదిలాయి. "పదహారు బి. పదిహేడు సి. పద్దెనిమిది డి. పందొమ్మిది ఎ."

వాళ్ళ వెనక నిలబడి ఉన్న హనుమత్ప్రసాద్ కదల్లేదు. దగ్గలేదు కూడా.

గంట మోగేసరికి నూట అరవై ఆరు అయ్యాయి. మిగిలినవి ఖాళీగానే ఉండిపోయాయి. గేటు బయట విజయేందర్ ఏదో చెప్పబోతే, "రెండయితుంది తమ్మీ, పిండి కలపాలె" అని చిలకమ్మ అతన్ని బస్సెక్కించి తనూ ఎక్కింది.

ర్యాంకు గొప్పదేమీ కాదు. కానీ వికలాంగుల కోటాలో ఊళ్ళోనే ఒక కాలేజీలో సీటు వచ్చింది. బూత్ మూతపడింది, ఆ చోట సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టారు. విజయేందర్ చెప్పగా విని అంధుల హాస్టల్ నుంచి మరికొందరు చిలకమ్మను వెతుక్కుంటూ వచ్చారు. బ్యాంకు పరీక్షలకూ డిగ్రీ పరీక్షలకూ ఆమె వాళ్ళ పక్కన కూర్చుంది. మొదటి రోజే, అడగకముందే, తనకు అంకెలు ఎలా కనబడతాయో చెప్పేసేది. కొందరు భయపడి వెళ్ళిపోయారు కూడా. తనను మళ్ళీ పదో తరగతి రాయమని హాస్టల్ పిల్లలు ఎంత చెప్పినా రాయలేదు.

2006లో ఒక సాయంత్రం హాస్టల్‌కు ఫోన్ వచ్చింది. చిలకమ్మ పెనం దగ్గరుంది. అరుణాదేవి పిలిస్తే, వాయి దిగేదాకా ఉండమంది. ఫోన్ పెట్టేయకుండా అవతలి మనిషి అలాగే ఉన్నాడు.

"అక్కా, బేగంపేటల నౌకరి వచ్చింది. లెటర్ చదువుత, ఇను."

చదివింది అతను కాదు. కంప్యూటర్. గొంతు మనిషిదిలాగే ఉంది గానీ ఎక్కడా ఊపిరి తీసుకోకుండా ఇంగ్లిషులో గడగడా చదువుకుంటూ పోయింది. ఒక్క ముక్కా చిలకమ్మకు అర్థం కాలేదు. అయిపోయేదాకా విన్నది.

"మస్తు జోరు చదువుతుంది తమ్మీ. నీకు అందుతుందా?"

"అందుతది."

"అంకెలు సుత తప్పు పోదా?"

"పోదక్కా."

"ఇగ ఫికర్ లేదు," అంది చిలకమ్మ. చేతి పిండి అంటి రిసీవర్ తెల్లగా అయింది. కొంగుతో తుడిచి పెట్టేసి, మిగిలిన చపాతీలు ఒత్తడానికి లోపలికి వెళ్ళింది.